డ్రిల్లు చక్కు బిగుసుకుపోయిందా? పారేసే ముందు ఇది చదవండి

గూడూరు చుట్టుపక్కల నిమ్మతోట ఉన్న ఇళ్లలో గడ్డపార, పార, స్ప్రేయరుతో పాటు ఇప్పుడు ఒక డ్రిల్లింగ్ మిషను కూడా కనిపిస్తోంది. సొంతానికి కొనలేని వారు నలుగురు కలిసి ఒకటి కొనుక్కుంటున్నారు. 2003లో రాష్ట్రంలో సూక్ష్మ సేద్య పథకం మొదలై డ్రిప్పు వాడకం పెరిగాక ఈ అవసరం ఇంకా ఎక్కువయింది. సబ్‌మెయిన్ పైపుకు రంధ్రాలు వేయాలన్నా, పంపుసెట్టు బేస్ ప్లేటుకు బోల్టులు బిగించాలన్నా, కంచె యాంగిళ్లకు, గొర్రు చెక్కలకు బెజ్జాలు వేయాలన్నా డ్రిల్లు ఉండాల్సిందే. అయితే కొన్న రెండు మూడేళ్లకే చాలా మంది నోట వినిపించే మాట ఒకటే. ‘మోటారు బాగానే ఉంది, ముందు బిట్టు పట్టుకునేది తిరగడం లేదు.’

ఆ బిట్టు పట్టుకునే భాగాన్నే చక్కు అంటారు. దీంట్లో రెండు రకాలున్నాయి. పాత మిషన్లకు పళ్ల చెవి పెట్టి తిప్పేది ఒకటి. చెవి లేకుండా చేత్తోనే తిప్పి బిగించేది రెండోది. చెవితో బిగించే రకానికి అమెరికాలో ఆర్థర్ జాకబ్స్ అనే ఆయన 1902లో పేటెంటు పొందాడు. అంతకు ముందున్న చక్కును స్పానరుతో బిగిస్తుంటే చేతి కణుపులు చితికిపోయి, ఆ బాధతోనే కొత్తది కనిపెట్టాడని చెబుతారు. చెవి అవసరం లేని చక్కు చాలా తరువాత వచ్చింది. బిట్టు మార్చడం చిటికెలో అయిపోతుంది. కానీ దుమ్ము, తడి తగిలితే ముందు మొరాయించేది కూడా ఇదే. పొలంలో దుమ్ము, తడి లేని రోజు ఏది?

చక్కు పాడైతే నీళ్లకు నష్టం ఎలా?

‘బిట్టు కాస్త ఊగితే ఏముందిలే, బెజ్జం పడుతోంది కదా’ అనుకోవడం ఉంది. డ్రిప్పు దగ్గర ఈ లెక్క కుదరదు. సబ్‌మెయిన్ పీవీసీ పైపుకు వేసే రంధ్రంలో రబ్బరు గ్రోమెట్ కూర్చోవాలి. దాంట్లోంచి లాటరల్ పైపు బయలుదేరుతుంది. చక్కు ఒక పక్కకు ఒరిగి ఉంటే 12 మి.మీ. బిట్టు 12 మి.మీ. రంధ్రం వేయదు, అంతకన్నా పెద్దదీ, కోలగా ఉన్నదీ వేస్తుంది. గ్రోమెట్ వదులుగా కూర్చుంటుంది. మోటారు వేయగానే దాని చుట్టూ నీరు చిమ్ముతుంది. సబ్‌మెయిన్ మట్టి కింద ఉంటుంది కాబట్టి ఆ కారుడు చాలా రోజుల దాకా మీ కంట పడదు. ఇలాంటివి ఇరవై చోట్ల ఉంటే పైపులో వత్తిడి పడిపోతుంది, చివరి వరుస చెట్లకు చుక్క అందదు. నిమ్మకు ధర పలికే ఎండాకాలంలో, కరెంటు ఇచ్చే ఆ కాసిని గంటల్లో, చివరి వరుస ఎండితే నష్టం ఎవరికో చెప్పనక్కర లేదు. ఆ రంధ్రాన్ని మళ్లీ చిన్నది చేయలేం. ఆ ముక్క కోసి కప్లింగు వేయాల్సిందే.

లోపల ఏముంది?

చక్కు మూతిలోకి చూస్తే మూడు ఉక్కు దవడలు కనిపిస్తాయి. ఇవి చక్కు దిమ్మెలో ఏటవాలుగా తొలిచిన మూడు దారుల్లో ముందుకూ వెనక్కూ జరుగుతాయి. ముందుకు వస్తే దగ్గరవుతాయి, వెనక్కు పోతే విడిపోతాయి. ప్రతి దవడ వీపున మర చెక్కి ఉంటుంది. ఆ మర చుట్టూ ఒక నట్టు రింగు, ఆ రింగు పైన మీరు చేత్తో పట్టుకునే తొడుగు. తొడుగు తిప్పితే రింగు తిరుగుతుంది, రింగు తిరిగితే మూడు దవడలూ ఒకేసారి కదులుతాయి. కొన్నిటిలో టిక్‌టిక్‌మని శబ్దం చేసే లాకు కూడా ఉంటుంది.

ఈ ఏటవాలు దారులు, ఈ మరలు, ఈ రింగు, వీటి మధ్య ఖాళీ వెంట్రుక మందమే. అందులోకి మన ఎర్రమట్టి దుమ్ము చేరిందనుకోండి, లేదా చిల్లకూరు, కోట వైపు తెల్ల ఇసుక రేణువులు పడ్డాయనుకోండి, ఉప్పుకాగితం పెట్టి రుద్దినట్టు అరుగుతుంది. గోడకు బెజ్జాలు వేస్తే రాలే సిమెంటు పొడి మరీ చెడ్డది. తడి తగిలితే గట్టిపడుతుంది. పైపులు అతికించే సొల్యూషను చేతికి అంటుకుని ఉండగానే చక్కు తిప్పుతాం, అదీ ఒక కారణమే. దీనికి తోడు సముద్రపు గాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. పంపుసెట్టు గదిలో మూలన పడేసిన మిషను సంక్రాంతికి తీసేసరికి దవడలు తుప్పు పట్టి ఉంటాయి.

బిగుసుకున్న చక్కును వదిలించడం

ముందు ప్లగ్గు పీకేయండి. బ్యాటరీ మిషను అయితే బ్యాటరీ ఊడదీసి పక్కన పెట్టండి. స్విచ్చి ఆపితే చాలదు. చక్కు చేతిలో ఉండగా పొరపాటున బొత్తాం నొక్కుకుంటే వేలు, మణికట్టు రెండూ పోతాయి. మన వాళ్లకు ఇంకో అలవాటుంది. తొడుగును చేత్తో గట్టిగా పట్టుకుని మిషను ఆన్ చేసి బిట్టు బిగించడం, వదిలించడం. మెకానిక్కులు చేస్తుంటే చూసి నేర్చుకున్నది. చేతికి గుడ్డ చుట్టుకుని చేస్తే ఇంకా ప్రమాదం, గుడ్డ చుట్టుకుపోయి చేతిని లాగేస్తుంది. ఇది మానుకోవాలి.

తరువాత మీ చక్కుకు ఒక తొడుగు ఉందా, రెండున్నాయా చూడండి. రెండుంటే వెనక రింగును ఒక చేత్తో కదలకుండా పట్టుకుని ముందు తొడుగును తిప్పాలి. ఒకటే ఉంటే మిషను లోపలే ఇరుసుకు లాకు ఉంటుంది, మిషనును పట్టుకుని తొడుగు తిప్పితే సరిపోతుంది. చక్కు మూతి మీ వైపు పెట్టుకుని చూస్తే గడియారం ముల్లుకు ఎదురుగా తిప్పితే వదులవుతుంది, ముల్లు తిరిగే వైపు తిప్పితే బిగుస్తుంది. వదులు చేస్తున్నామనుకుని ఇంకా బిగించే వాళ్లూ లేకపోలేదు.

చేతికి లొంగకపోతే పాత సైకిలు ట్యూబు ముక్క ఒకటి కోసి తొడుగు చుట్టూ రెండు చుట్లు గట్టిగా చుట్టండి. సగం పట్టు దాంతోనే వస్తుంది. అప్పటికీ కదలకపోతే తొడుగు చుట్టూ నాలుగైదు చోట్ల చెక్క సుత్తితో మెల్లగా తట్టండి. ఇనప సుత్తి వద్దు. మూతిలో దవడల పక్కన నాలుగు చుక్కలు తుప్పు వదిలించే నూనె గానీ డీజిలు గానీ వేసి, మూతి పైకి ఉండేలా కాకుండా మిషనును పక్కకు పడుకోబెట్టి గంటసేపు వదిలేయండి. మూతి పైకి పెడితే నూనె చక్కు దాటి గేరు పెట్టెలోకి పోతుంది. గంట తరువాత ట్యూబు మీదుగా పైపు రెంచి పెట్టి నిదానంగా తిప్పండి. కుదుపు ఇవ్వొద్దు. ప్లాస్టిక్ తొడుగు పగిలిందంటే తిరిగి అతకదు.

బిట్టు ఇరుక్కుని రాకపోతే అసలు తప్పు బిట్టుదే కావచ్చు. వదులుగా బిగించిన బిట్టు దవడల మధ్య జారి తిరిగితే దాని కాడ మీద గాట్లు పడి అంచులు లేస్తాయి. ఆ అంచు దవడలకు తగులుకుంటుంది. బయటికి వచ్చాక కాడను ఆకురాయితో సాపు చేయండి. గాట్లు లోతుగా ఉంటే ఆ బిట్టు మానేయండి.

ఇంకో సంగతి. దవడలను పూర్తిగా చివరికంటా తెరిచి, ఇంకా బలవంతంగా తిప్పితే అవి లోపల ఇరుక్కుంటాయి. అప్పుడు తొడుగును బిగించే వైపు తిప్పుతూ చక్కు దిమ్మెను చెక్కతో తడితే వదులుతుంది.

కడగడం

వదిలింది కదా అని వెంటనే పనిలోకి దిగితే వారంలో మళ్లీ అదే గతి. లోపలి మురికి బయటికి రావాలి. దవడలను తెరిచి, మూతి నేలకు చూసేలా పట్టుకుని వెనక నుంచి తట్టండి. ఎండు దుమ్ము రాలిపోతుంది. నోటితో ఊదితే కళ్లలో పడుతుంది, సైకిలు పంపుతో కొట్టండి. పాత టూత్ బ్రష్షుతో దవడల సందులు రుద్దండి. ఆ తరువాత కొద్దిగా కిరసనాయిలు, అది దొరకని చోట డీజిలు, బ్రష్షుకు అద్ది దవడల మీద పూసి, తొడుగును పదిసార్లు తెరిచి మూయండి. నల్లటి మడ్డి కారుతుంది. గుడ్డతో తుడిచి మళ్లీ చేయండి. కారేది తేటగా వచ్చే దాకా ఇదే పని. ఇదంతా చేసేటప్పుడు మూతి కిందికే ఉండాలి.

పెట్రోలు ఎంతమాత్రం వాడొద్దు. కిరసనాయిలు, డీజిలు వాడినా తడి పూర్తిగా ఆరే దాకా, కనీసం సగం పూట, మిషను ఆన్ చేయకండి. కరెంటు డ్రిల్లు మోటారులో కార్బను బ్రష్షులు కమ్యూటేటరు మీద రాసుకుంటూ నిప్పురవ్వలు వేస్తాయి. మిషను పక్కనున్న గాలి సందుల్లోంచి చూస్తే ఆ నీలి మెరుపు మీకే కనిపిస్తుంది. (కమ్యూటేటరు రాగి పట్టీల మధ్య కరెంటు దాటకుండా అభ్రకం పెట్టే పద్ధతి ఉంది. సైదాపురం గనుల నుంచి మన అభ్రకం దేశాలు దాటి పోయింది ఇలాంటి పనులకే.)

ఆరిన తరువాత కుట్టుమిషను నూనె రెండు చుక్కలు చాలు. దవడల వీపున, అంటే దిమ్మెలో జారే చోట, వేసి తొడుగును నాలుగు సార్లు ఆడించండి. గ్రీజు వద్దు. ట్రాక్టరుకు మంచిదైతే దీనికి మంచిది కాదా అంటారు కొందరు. గ్రీజు దుమ్మును పట్టి ఉంచుతుంది, నెల తిరిగేసరికి బంకమట్టిలా తయారవుతుంది. బిట్టును పట్టుకునే దవడల లోపలి ముఖాలకు మాత్రం నూనె తడి ఉండకూడదు. పొడి గుడ్డతో శుభ్రంగా తుడవండి, లేకపోతే బిట్టు జారుతుంది.

బాగయిందా లేదా తెలుసుకోవడం

కొత్త బిట్టు ఒకటి తీసుకుని అద్దం పలక మీద దొర్లించండి. ఎగరకుండా దొర్లితే తిన్నగా ఉన్నట్టు. దాన్ని చక్కులో బిగించి, దాని మొన పక్కన ఒక మేకు పెట్టి, చక్కును చేత్తో మెల్లగా తిప్పండి. మేకుకూ బిట్టుకూ మధ్య సందు ఒకేలా ఉంటే సరే. ఒకసారి తగిలి ఒకసారి దూరమైతే వంకర ఉంది. సన్నబిట్టును మూడు దవడల నడిమధ్యలో కాకుండా రెండు దవడల సందులో బిగించినా ఇలాగే ఊగుతుంది. ముందు అది సరిచూసుకోండి.

బాగు చేసి లాభం లేని చక్కులు కొన్ని ఉంటాయి. తొడుగు తిరుగుతున్నా దవడలు కదలకపోతే తొడుగు లోపలి రింగును వదిలేసినట్టు. మూడు దవడల్లో ఒకటి వెనకబడి, మొనలు ఒకే మట్టంలో లేకపోతే మర అరిగిపోయింది. మొనల దగ్గర దవడలు అరిగి నోరు తెరుచుకుంటే 3, 4 మి.మీ. సన్నబిట్లను పట్టదు. రెండుసార్లు కడిగినా గరగరమంటూ ఉంటే లోపలి గుండ్లో, వాటి దారో పోయినట్టు. ఇలాంటి దాన్ని విప్పి బాగు చేయించాలని లేతు షాపుల చుట్టూ తిరగొద్దు. చెవి ఉన్న చక్కును ప్రెస్సులో పెట్టి విప్పి, కడిగి మళ్లీ బిగించవచ్చు. చెవి లేనిది విప్పడానికి చేసింది కాదు. మార్చడమే దారి.

చక్కు ఊడదీయడంలో కిటుకు

చాలా మంది ఇక్కడే ఓడిపోతారు. దవడలను పూర్తిగా తెరిచి లోపలికి టార్చి వేయండి. అడుగున ఒక మరమేకు తల కనిపిస్తుంది. రివర్సు తిరిగే మిషన్లకు ఇది ఉంటుంది, ఒకవైపే తిరిగే పాత మిషన్లకు ఉండకపోవచ్చు. ఇది ఎడమ మర. అంటే మామూలు మరమేకును బిగించే వైపు, గడియారం ముల్లు తిరిగే వైపు, తిప్పితేనే ఊడుతుంది. తెలియక అటు తిప్పి ఇటు తిప్పి తలగాడి చెడగొట్టుకుంటారు. ఈ ఎడమ మర ఎందుకంటే, చక్కు ఇరుసుకు మామూలు కుడి మరతో బిగించి ఉంటుంది. మిషనును రివర్సులో తిప్పినప్పుడు చక్కు ఊడిపోవాలని చూస్తుంది. అలా ఊడబోతూ ఈ మరమేకును ఏ వైపు ఈడుస్తుందో ఆ వైపే అది బిగుసుకుంటుంది. ఇక చక్కు కదలదు.

ముందు ఆ తలగాడిలోని మట్టిని సూదితో గీకి తీయండి. గాడికి నిండుగా సరిపోయే స్క్రూడ్రైవరే పెట్టాలి. వదులుగా ఉన్నది పెడితే గాడి పోతుంది. కంపెనీలో జిగురు వేసి బిగిస్తారు కాబట్టి స్క్రూడ్రైవరు వెనక ఒక దెబ్బ కొట్టి అప్పుడు తిప్పండి.

మరమేకు వచ్చాక చక్కు. ఒక పెద్ద ఎలెన్ కీ, 8 లేదా 10 మి.మీ.ది, దాని పొట్టి కొనను చక్కులో గట్టిగా బిగించండి. గేర్లున్న మిషను అయితే తక్కువ స్పీడు గేరులో పెట్టండి. మిషనును బల్ల మీద పడుకోబెట్టి చక్కు అంచు బయటికి ఉంచండి. మూతి వైపు నిలబడి చూస్తే కీ పొడుగు కొన మీ ఎడమ చేతి వైపు అడ్డంగా ఉండాలి. ఒకరు మిషనును అదిమి పట్టుకోగా, ఆ కొన మీద చెక్క సుత్తితో పై నుంచి కిందికి ఒక్క చురుకైన దెబ్బ. మెల్లగా నొక్కితే రాదు, దెబ్బకే వస్తుంది. రెండు మూడు దెబ్బల్లో వదిలిందంటే మిగతాది చేత్తో తిప్పి తీసేయవచ్చు. దవడలు మూసుకుని బిగిసిపోయి మరమేకు కనిపించకపోతే మాత్రం మెకానిక్కు దగ్గరికి తీసుకుపొండి. చక్కును కోయాల్సి రావచ్చు.

చక్కు తీసిన తరువాత, కొత్తది కొనే ముందు, మిషనును తక్కువ స్పీడులో ఆన్ చేసి ఉత్త ఇరుసును చూడండి. ఇరుసే ఊగుతుంటే అది వంగినా వంగి ఉండాలి, బేరింగు అయినా పోయి ఉండాలి. కొత్త చక్కు వేసినా ఫలితం ఉండదు. మిషను ఎప్పుడైనా నిచ్చెన మీద నుంచి పడిందేమో గుర్తు తెచ్చుకోండి.

కొనేటప్పుడు

పాత చక్కును చేత పట్టుకునే షాపుకు పొండి. దాని మీద చెక్కి ఉన్న అంకెలు చదవండి. మొదటి అంకెలు ఎంత మందం బిట్టు పట్టేదీ చెబుతాయి, 10 మి.మీ. గానీ 13 మి.మీ. గానీ ఉంటుంది. తరువాతవి వెనక మర కొలత. ఎక్కువగా కనిపించేవి 1/2-20 యు.ఎన్.ఎఫ్., 3/8-24 యు.ఎన్.ఎఫ్. అనేవి. అంటే అర అంగుళం మందం, అంగుళానికి 20 మరలు అని అర్థం. 12 మి.మీ. మెట్రిక్ మర ఉన్న మిషన్లు కూడా కొన్ని ఉన్నాయి. అర అంగుళం చక్కు దాని మీద ఎక్కినట్టే ఎక్కి లొటలొటలాడుతుంది. ఒక రోజు పని చేసి మర కొరుక్కుపోతుంది. కాబట్టి కుదిరితే మిషనును కూడా తీసుకువెళ్లి, షాపులోనే చేత్తో చివరికంటా ఎక్కించి, పక్కలకు ఊపి చూడండి.

మిషనులో ఇరుసు లాకు లేకపోతే ఒకే తొడుగు ఉన్న చక్కు తీసుకోకండి. దాన్ని బిగించడానికి పట్టు ఉండదు. సిమెంటు గోడలకు కొట్టే హామరు మిషనుకు ఇనప తొడుగు ఉన్నదే మేలు.

ఇంతకీ చెవి లేనిదే ఎందుకు కొనాలి? తీగ ఉన్న కరెంటు డ్రిల్లు వాడే రైతుకు నన్నడిగితే చెవి ఉన్న చక్కే మంచిదంటాను. ధర తక్కువ, పట్టు ఎక్కువ, దుమ్ముకు తట్టుకుంటుంది, మర కొలత సరిపోతే మీ మిషనుకే ఎక్కుతుంది. రోజుకు యాభై సార్లు బిట్టు మార్చే వడ్రంగికి చెవి లేనిది కావాలి గానీ, సబ్‌మెయిన్‌కు ఒకే సైజు బెజ్జాలు వరుసగా వేసుకుంటూ పోయే మనకెందుకు? చెవి పోతుందనే భయం ఉంటే దాన్ని తాడుతో తీగకు కట్టేయండి. అయితే మిషను దగ్గర కాదు, ప్లగ్గు దగ్గర కట్టండి. అప్పుడు బిట్టు మార్చాలంటే ప్లగ్గు పీకక తప్పదు.

చక్కు ధర కొత్త మిషను ధరలో మూడో వంతు దాటుతుంటే, మిషనుకూ వయసు మీరి ఉంటే, ఆలోచించుకోవాలి.

కొత్త చక్కు బిగించేటప్పుడు ఇరుసు మరను గుడ్డతో తుడిచి, చేత్తో ఎక్కించి, ఎలెన్ కీ పెట్టి ఈసారి బిగించే వైపు ఒక దెబ్బ వేయండి. ఎడమ మర మరమేకును గడియారానికి ఎదురుగా తిప్పి బిగించాలి. దాని మర మీద ఒక చుక్క మర జిగురు వేస్తే మంచిది. మరమేకు లేకుండా వదిలేస్తే రివర్సు వేసిన రోజున చక్కు ఊడి కాళ్ల మీద పడుతుంది.

పైపులకు బెజ్జాలు వేసేటప్పుడు

పీవీసీ పొట్టు చక్కుకు అతుక్కుంటుంది. పది బెజ్జాలకోసారి బ్రష్షుతో దులపండి. పైపును పక్కకు తిప్పి రంధ్రం వేస్తే పొట్టు బయటికి రాలుతుంది, పై నుంచి కిందికి వేస్తే పైపులోనే పడి తరువాత డ్రిప్పర్లకు అడ్డం పడుతుంది. ఎలా వేసినా చివరి మూత తీసి నీళ్లు వదిలి కడిగిన తరువాతే లాటరళ్లు తగిలించాలి. తడి కయ్యలో నిలబడి, ప్లగ్గు లేని తీగ కొసలను అగ్గిపుల్లలతో సాకెట్టులో గుచ్చి డ్రిల్లు నడపడం ఇంకా చూస్తూనే ఉన్నాం. చక్కు సంగతి తరువాత, ముందు ప్లగ్గు పెట్టించండి.

2015 నవంబరులో, మళ్లీ 2021 నవంబరులో వరద వచ్చినప్పటిలా మిషను నీట మునిగితే తీసిన వెంటనే కరెంటు పెట్టి ‘పని చేస్తుందా’ అని చూడకండి. మంచినీళ్లతో బురద కడిగి, చక్కు ఊడదీసి విడిగా డీజిలులో నానబెట్టండి. మిషనును విప్పించి, ఎండలో బాగా ఆరనిచ్చి, బేరింగులకు కొత్త గ్రీజు పెట్టించిన తరువాతే ప్లగ్గు దగ్గరికి తీసుకువెళ్లండి. మునిగిన బ్యాటరీని మాత్రం ఎండబెట్టి ఛార్జింగు పెట్టే ప్రయత్నం చేయొద్దు. అది మంటలు లేపుతుంది.